ఆఫీసులో హాబీ క్లబ్: అడగడం దగ్గర్నుంచి అప్పజెప్పడం దాకా

1903లో జర్మనీలోని లెవర్కూజెన్‌లో బేయర్ కంపెనీ కార్మికులు సుమారు 170 మంది సంతకాలు పెట్టి యాజమాన్యానికి ఉత్తరం రాశారు. మాకో ఆటల సంఘం కావాలి, మీరు చేయందించాలి అని. మరుసటేడు పుట్టిన ఆ సంఘం నుంచి వచ్చిందే ఇప్పటి బేయర్ లెవర్కూజెన్ ఫుట్‌బాల్ జట్టు. మాంచెస్టర్ యునైటెడ్ కూడా 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు కట్టుకున్న జట్టుగానే మొదలైంది. మన దగ్గర అంత పేరు రాకపోయినా, రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో, సింగరేణి ఊళ్లలో, విశాఖ ఉక్కునగరంలో, రామచంద్రాపురం భెల్ టౌన్‌షిప్పులో పెరిగినవాళ్లకి కంపెనీ క్లబ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం షటిల్, రాత్రి నాటకం రిహార్సల్, ఆదివారం క్యారమ్స్.

ఐటీ ఆఫీసులకి వచ్చేసరికి ఈ పని హెచ్‌ఆర్ చేతికి పోయింది. జనవరిలో రంగురంగుల మెయిల్ వస్తుంది. ఫొటోగ్రఫీ క్లబ్, మ్యూజిక్ క్లబ్, ఫిట్‌నెస్ క్లబ్ అంటూ అరడజను పేర్లు, కింద ఓ లింకు. మార్చి నాటికి వాటిలో చాలామటుకు పండగ శుభాకాంక్షలు పెట్టుకునే వాట్సాప్ గ్రూపులుగా మిగులుతాయి. అక్కడ ఆడాలనుకున్నవాళ్లు అడిగి తెచ్చుకున్నారు, ఇక్కడ ఎవరూ అడక్కుండానే పెట్టారు. అందుకే ఈ మార్గదర్శి ఉద్యోగి వైపు నుంచి రాస్తున్నాను. మీరు హెచ్‌ఆర్‌లో ఉంటే ఒక్క మాట: క్లబ్ పెట్టే భారం మీరు నెత్తినేసుకోవద్దు. అడిగి వచ్చినవాళ్లకి గది, వేళ, కాస్త డబ్బు ఇప్పించండి చాలు.

1. ముందు ఆడండి, తర్వాత అడగండి

చాలామంది సర్వేతో మొదలుపెడతారు. సర్వేలో అందరూ అన్నిటికీ టిక్కు పెడతారు, ఊరికే వచ్చేదే కదా అని. దాని బదులు తేదీ, చోటు చెప్పేయండి. "బుధవారం సాయంత్రం 5 గంటలకి క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర చెస్. బోర్డులు నేను తెస్తా." ఇంతే. ఒక నెలపాటు అదే రోజు, అదే వేళ, అదే బల్ల. మొదటివారం వచ్చినవాళ్లని లెక్కలోకి తీసుకోకండి. రెండోసారి, మూడోసారి తమంతట తాము వచ్చినవాళ్లే మీ సభ్యులు. అలాంటివాళ్లు ఆరుగురు దొరికితే క్లబ్ ఉన్నట్టే. ముగ్గురే దొరికితే అది స్నేహం. దానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు, హాయిగా ఆడుకోండి.

ఈ నెలలోనే ఇంకో పని జరగాలి. మీకు తోడుగా రెండో మనిషిని చూసుకోవాలి. మీరు సెలవులో ఉంటే గది తాళం తీసేది, బంతి తెచ్చేది ఆ మనిషే. ఆ మనిషి మీ టీమ్‌లోవాళ్లు కాకుండా ఉంటే మంచిది. రిలీజ్ (కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల) పడితే మీ టీమంతా ఒకేసారి పనిలో మునుగుతుంది. టెస్టింగ్‌లో ఒకరు, ఫైనాన్స్‌లో ఒకరు ఉన్నారనుకోండి, ఒకరికి నెలాఖరు ఒత్తిడి ఉన్నప్పుడు రెండోవారు ఖాళీగా ఉంటారు. రెండో మనిషి దొరక్కపోతే ఇంకో నెల ఆగండి. ఒంటిచేత్తో నడిచే క్లబ్ ఆ మనిషి రాజీనామాతో సరి.

2. మీ ఆఫీసుకి ఏది పొసుగుతుందో చూసుకోండి

ఇష్టం ఒక్కటే చాలదు, బిల్డింగు కూడా ఒప్పుకోవాలి.

టేబుల్ టెన్నిస్ బల్ల 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. కొలిచి చూసి "పడుతుంది" అనేస్తారు. బల్ల పడుతుంది, మనిషి పట్టడు. వెనక్కి జరిగి కొట్టాలంటే కనీసం 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఖాళీ ఉండాలి. లేకపోతే మోచేతులు గోడలకి తగులుతాయి, నెలలో ఆట మానేస్తారు.

క్యారమ్స్ అన్నిటికన్నా సులువని అందరూ అనుకుంటారు. ఆడే చోటు 29 అంగుళాల చదరమే, ఎక్కడైనా పెట్టొచ్చు. తీరా పెట్టాక రెండు గొడవలు వస్తాయి. ఒకటి చప్పుడు. పక్కన మీటింగ్ రూమ్ ఉంటే స్ట్రైకర్ ఫ్రేముకి తగిలిన ప్రతిసారీ లోపల కాల్‌లో ఉన్నవాళ్లు తలుపు తీసి చూస్తారు. రెండోది బోరిక్ పౌడర్. కార్పెట్ మీద పడితే ఓ పట్టాన పోదు, హౌస్‌కీపింగ్ వాళ్ల మొదటి ఫిర్యాదు అదే అవుతుంది. టైల్స్ ఉన్న చోట, మీటింగ్ రూములకి దూరంగా, బోర్డుకి సరిగ్గా పైన దీపం ఉండేలా పెట్టించండి. పౌడర్ డబ్బా, చిన్న బ్రష్షు ఒకే డ్రాయర్లో ఉంచండి. ఆట అయ్యాక తుడిచే వంతు ఓడినవాళ్లది అనే నియమం బాగా పనిచేస్తుంది.

సంగీతానికి డ్రమ్స్ జోలికి పోకండి. కింది అంతస్తు వేరే కంపెనీదైతే మరీను. గిటార్, కీబోర్డు, తబలా చాలు. గదికి కిటికీలు తక్కువగా ఉంటే ఇంకా మేలు.

పుస్తకాల క్లబ్బులు పోయేది నాలుగు వందల పేజీల నవల దగ్గర. అందరూ ఒకే నవల నెలలో చదివి రావాలంటారు, సగంమంది సగంలో ఆపేసి మొహం చాటేస్తారు. రెండు వారాలకో కథ పెట్టుకోండి. పది పేజీల తెలుగు కథ అక్కడికక్కడే ఒకరు బయటికి చదివితే అరగంట, మాట్లాడుకోవడానికి ఇంకో అరగంట. చదవకుండా వచ్చినవాళ్లు కూడా కూర్చోవచ్చు. ఏడాదికి పుస్తకాలకిచ్చే డబ్బు హైదరాబాద్ వాళ్లయితే డిసెంబరు బుక్ ఫెయిర్‌లో, విజయవాడ వాళ్లయితే జనవరి పుస్తక మహోత్సవంలో ఖర్చుపెట్టండి. సభ్యులే వెళ్లి ఎంచుకుంటారు కాబట్టి అలమారలో దుమ్ముపట్టే పుస్తకాలు తగ్గుతాయి.

క్విజ్ క్లబ్‌కి ఖర్చు దాదాపు సున్నా. హైదరాబాద్‌లో ఉంటే 1972లో మొదలైన కె-సర్కిల్ అనే క్విజ్ సంఘం వాళ్ల క్విజ్ ఒకటి కూర్చుని చూడండి. ప్రశ్నలు ఎలా కట్టాలో, జవాబు తెలియనివాడికి కూడా మజా ఎలా ఇవ్వాలో తెలుస్తుంది.

బయట తిరిగేవాళ్లకి కాలం చూసుకోవడమే ముఖ్యం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకి నడక కాలం. భువనగిరి కోట, వికారాబాద్ అనంతగిరి కొండలు, విశాఖ వాళ్లకి కంబాలకొండ. పక్షులు చూడాలంటే పటాన్‌చెరు దగ్గరి అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. గచ్చిబౌలి నుంచి శనివారం తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ వేళకి ఇంటికి చేరొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ట్రెక్కింగ్ పెడతామనేవాళ్ల మాట వినకండి.

3. వేళ

గది కన్నా కష్టం ఇది. శుక్రవారం సాయంత్రం అందరికీ ఖాళీ అని పోస్టర్లు వేస్తారు. ఆ రోజు సగంమంది ఇంటి నుంచి పని, మిగతా సగం ఊళ్లకి బస్సు పట్టుకునే తొందరలో ఉంటారు. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి తీసుకోండి. ఆఫీసు క్యాబ్ ఎన్నింటికి కదులుతుందో ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో కనుక్కుని, దానికి పావుగంట ముందు ఆట ముగిసేలా వేళ పెట్టండి. క్యాబ్ తప్పితే రాయదుర్గం మెట్రో దాకా ఆటోలో పోయి అక్కణ్నుంచి ఎల్.బి.నగర్ వెళ్లాల్సిన అమ్మాయి రెండోవారం రాదు, ఎందుకు రాలేదో చెప్పదు కూడా. "ఆడవాళ్లకి ఆసక్తి లేదు" అని మనం రాసేసుకుంటాం. నిజానికి అడ్డుపడింది క్యాబ్ టైము.

రాత్రి షిఫ్టు వాళ్లుంటే వాళ్లకి వేరే వేళ కావాలి. సాయంత్రం షిఫ్టు ఎక్కే ముందు ఓ ముప్పావుగంట. పగటివాళ్లూ రాత్రివాళ్లూ కలిసే వేళ అదొక్కటే కాబట్టి కొన్ని ఆఫీసుల్లో అదే బాగా నిండుతుంది.

సంక్రాంతి, దసరా వారాలు, ఏడాది అప్రైజల్ నడిచే రోజులు ముందే కేలండర్లో కొట్టేయండి. ఎవరూ రాని సాయంత్రాలు రెండు వరసగా పడితే "క్లబ్ అయిపోయిందట" అన్న మాట పాకుతుంది.

4. కాగితం

ఇప్పుడు అడగొచ్చు. ఒకే పేజీ. అందులో నెలరోజులుగా ఎవరు వస్తున్నారు (పేర్లు, విభాగాలు), ఏ రోజు ఏ వేళ, ఏ గది, ఏం సామాను, నెలకెంత, బాధ్యులిద్దరు ఎవరు, ఏదైనా తేడా వస్తే ఎవరికి చెప్పాలి. "ఉత్పాదకత పెరుగుతుంది", "జట్టు స్ఫూర్తి వికసిస్తుంది" లాంటి వాక్యాలు వద్దు. వాటిని నమ్మి డబ్బిచ్చినవాళ్లు ఆరు నెలల తర్వాత ఎంత పెరిగిందో చూపించమంటారు. ఆడుకోవడానికి అడుగుతున్నాం, ఆడుకోవడానికే ఇవ్వమనండి. ఆరు నెలల అనుమతి అడగండి, శాశ్వతంగా వద్దు. సంతకం పెట్టేవాళ్లకీ తేలిక, మీకూ తేలిక.

కాగితంలోనే తేల్చుకోవాల్సినది ఇంకొకటి ఉంది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్, డ్రైవర్లు కాంట్రాక్టు మీద ఉంటారు. వాళ్లు క్లబ్‌లోకి రావచ్చా? రావచ్చు అని రాయమంటాను. చాలా ఆఫీసుల్లో క్యారమ్స్ బాగా ఆడేవాళ్లు డ్రైవర్ల గదిలో ఉంటారు. పైగా సాయంత్రం మీకు గది తెరిచి, దీపాలు ఆర్పేది వాళ్లే. వాళ్ల డ్యూటీ వేళకి అడ్డురాకుండా ఏజెన్సీ సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడి, వాళ్ల దగ్గర చందా తీసుకోకుండా నడపండి. బయటి ప్రయాణాలకి మాత్రం బీమా ఎవరిదో ఏజెన్సీతో రాతలో తేల్చుకోండి.

5. డబ్బు లెక్క

పూర్తిగా ఉచితమైతే జనం పేరిచ్చి రారు. పూర్తిగా చందాల మీదైతే కొత్తగా చేరిన జూనియర్లు వెనకాడతారు. సభ్యుడు వేసినంత కంపెనీ వేయడం నేను చూసినవాటిలో బాగా నడిచే పద్ధతి.

షటిల్ క్లబ్ లెక్క ఒకటి చేసి చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలే, మీ ఏరియా రేట్లు వేసుకోండి. సభ్యులు 24 మంది, నెలకి ₹150 చొప్పున ₹3,600. కంపెనీది ఇంకో ₹3,600. మొత్తం ₹7,200. ఆఫీసు దగ్గరి అకాడమీలో రెండు కోర్టులు, వారానికోసారి రెండు గంటలు, గంటకి ₹400 అనుకుంటే వారానికి ₹1,600, నాలుగు వారాలకి ₹6,400. మిగిలింది ₹800. షటిల్స్ ఎవరు కొంటారు? చాలా క్లబ్బులు ఇక్కడే తప్పుతాయి, కోర్టు లెక్క వేసి షటిల్ లెక్క మరిచిపోతాయి. రెండు గంటల్లో ఒక్కో కోర్టు మీద 21 పాయింట్ల గేములు ఎనిమిది పడతాయి, రెండు కోర్టుల మీద పదహారు. ఈకల షటిల్ కొత్తవాళ్ల చేతిలో ఒక గేము ఆగితే గొప్ప. అంటే వారానికి డజను డబ్బా కూడా చాలదు. చందా ₹200 చేయండి, మొత్తం ₹9,600 అవుతుంది, షటిల్స్‌కి ₹3,200 మిగులుతుంది. ఆ డబ్బుకి నైలాన్ షటిల్ కొనండి. ఈకలది కావాలన్న పాత ఆటగాళ్లు తమది తాము తెచ్చుకుంటారు, ఆ గొడవలో మీరు తలదూర్చకండి.

అదే లెక్కలో ఇంకోటి కూడా తెలుస్తుంది. పదహారు గేములంటే నలుగురేసి చొప్పున 64 వంతులు. 24 మందీ వస్తే ఒక్కొక్కరికి రెండో మూడో గేములు. కానీ 24 మందీ ఎప్పుడూ రారు. పద్నాలుగు మంది వస్తే నాలుగైదు గేములు పడతాయి, ఒళ్లు అలుస్తుంది, అందరూ సంతోషంగా ఇంటికెళ్తారు. అందుకే మూడో కోర్టు తీసుకోకండి.

డబ్బు ఎవరి సొంత యూపీఐలోకీ ఎక్కువరోజులు పోకూడదు. కంపెనీ వాటాని బిల్లు పెట్టి తెచ్చుకోండి, చందాల లెక్క అందరికీ కనబడే షీటులో ఉంచండి, ఒకరు వసూలు చేస్తే రెండోవారు ఖర్చు రాయాలి. చిన్న క్లబ్‌కి రిజిస్ట్రేషన్ అనవసరం. పెద్దదై సొంత బ్యాంకు ఖాతా, బయటి స్పాన్సర్లు కావాల్సి వస్తే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిసి నమోదు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఏటా లెక్కలు దాఖలు చేసే ఓపిక ఉంటేనే.

6. చట్టాలు, తలనొప్పులు

సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజసేవకి పెట్టే) నిధుల్లోంచి ఇప్పిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. సొంత ఉద్యోగులకి మేలుచేసే పనులు సీఎస్‌ఆర్ కిందికి రావని 2021లో సవరించిన నియమాలు తేల్చేశాయి. ఈ ఖర్చు ఉద్యోగుల సంక్షేమం పద్దులో పోవాలి. క్లబ్ సభ్యత్వాలు, ఫిట్‌నెస్ సెంటర్ ఫీజుల మీద కట్టే జీఎస్టీకి మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నుని కంపెనీ తన పన్నులో సర్దుకునే వీలు) రాదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అడ్డుపడుతుంది. కాబట్టి బడ్జెట్‌లో పన్నుతో కలిపిన మొత్తమే రాయండి. ఆటల సదుపాయాలు ఉద్యోగులందరికీ ఒకే తీరుగా ఇస్తే వాటిని జీతంలో లాభంగా లెక్కగట్టి పన్ను వేయరు. మేనేజర్లకే ఖరీదైన క్లబ్ సభ్యత్వం కొనిస్తే ఆ కథ వేరు. క్లబ్ అందరికీ తెరిచి ఉండాలనడానికి ఇదో ఆచరణాత్మకమైన కారణం.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో పనిచోటు అంటే ఆఫీసు గోడలు మాత్రమే కాదు. ఉద్యోగంలో భాగంగా వెళ్లే చోట్లు, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా అందులోకి వస్తాయి. కంపెనీ డబ్బుతో వెళ్లే ట్రెక్కుకీ, జామ్ సెషన్‌కీ అవే నియమాలు వర్తిస్తాయనుకుని నడవండి. వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు ప్రయాణం మెయిల్లోనే పెట్టండి. క్లబ్ సంభాషణకి కంపెనీ చాట్ వాడండి. వాట్సాప్ గ్రూపులో చేరగానే అమ్మాయిల ఫోన్ నంబర్లు తెలియనివాళ్లందరికీ చేరిపోతాయి.

పేకాట. క్లబ్ అనగానే ఎవరో ఒకరు రమ్మీ అంటారు. డబ్బు పెట్టి ఆడే ముచ్చటే వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి పందెం కాసే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించాయి. తంబోలాకి కూడా టికెట్లు అమ్మకుండా ఊరికే ఇచ్చి, బహుమతిగా చాక్లెట్లు పెట్టండి.

నాటకం, పాట విషయంలో చట్టం కాస్త మెత్తగానే ఉంది. ఔత్సాహిక క్లబ్ టికెట్ లేకుండా చేసే ప్రదర్శనకి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. వార్షికోత్సవంలో ఈవెంట్ కంపెనీ డీజే రికార్డు పాటలు వేస్తే అది వేరే సంగతి, లైసెన్సు గురించి లీగల్ వాళ్లని అడగండి. ఇక ఇంట్లో వాడే ఓటీటీ ఖాతాతో క్యాంటీన్ ప్రొజెక్టర్ మీద సినిమా వేయకండి. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే.

7. నడపడం

మొదటి మూడు నెలలు టోర్నమెంటు పెట్టొద్దు. కప్పు అనగానే కాలేజీలో జిల్లాకి ఆడినవాళ్లు బయటికొస్తారు, మొదటి రౌండులో ఓడినవాళ్లు మళ్లీ రారు. వారం వారం జట్లు చీటీలు తీసి కలపండి. వైస్ ప్రెసిడెంట్ గారు వస్తే ఆయన పేరూ చీటీలోనే. ఆయనకోసం కోర్టు ఖాళీ చేయించారో, ఆ సాయంత్రం అది మళ్లీ ఆఫీసు అయిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లని మొదటి పావుగంటలోపు ఆటలోకి దించండి. గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ మనిషి ఇక రాడని అర్థం.

హాజరు పట్టిక మేనేజర్లకి పంపొద్దు. అప్రైజల్లో "క్లబ్ కార్యకలాపాలు" అనే గడి పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే గట్టిగా కాదనండి. ఇష్టంలేనివాళ్లు మార్కులకోసం వస్తారు, ఇష్టమున్నవాళ్లు ఆ వాతావరణం నచ్చక మానేస్తారు. ఫొటోలు కంపెనీ పేజీలో పెట్టే ముందు అందులో ఉన్నవాళ్లని అడగండి.

ఆటల్లో దెబ్బలు తగులుతాయి. ఐస్ ప్యాక్, క్రేప్ బ్యాండేజీ, దగ్గరి ఆసుపత్రి నంబరు కిట్‌బ్యాగులో ఉండాలి. రోజంతా కుర్చీలో కూర్చుని నేరుగా కోర్టులో దిగే నలభై ఏళ్ల మోకాలికి పది నిమిషాల వార్మప్ తప్పనిసరి.

8. అప్పజెప్పడం, మూసేయడం

ఆరు నెలలకి బాధ్యులిద్దరిలో ఒకరు దిగిపోవాలి. ఇద్దరూ ఒకేసారి కాదు. కొత్తగా వచ్చినవారికి పాతవారు తోడుంటారు. కోర్టు యజమాని నంబరు, అడ్మిన్‌లో ఎవరిని అడిగితే గది దొరుకుతుంది, బిల్లు ఏ ఫార్మాట్‌లో పెట్టాలి, ఇవన్నీ ఒక పత్రంలో రాసి డ్రైవ్‌లో పెట్టండి. మీ బుర్రలో ఉంచుకుని నోటీస్ పీరియడ్ ఆఖరివారంలో చెప్పబోతే ఎవరికీ గుర్తుండదు.

నెలంతా నలుగురికి మించి రాకపోతే, అది వరసగా రెండు నెలలు జరిగితే, మూసేయండి. సిగ్గుపడాల్సిన పనేం కాదు. ప్రాజెక్టులు మారతాయి, ఆఫీసు అంతస్తు మారుతుంది, మనుషులు మారతారు. మిగిలిన చందా సభ్యులకి తిరిగిచ్చేయండి, కంపెనీ వాటా మిగిలితే ఫైనాన్స్‌కి మెయిల్ పెట్టండి. రాకెట్లు, బోర్డులు వేరే క్లబ్ అడిగితే వాళ్లకి, లేకపోతే డ్రైవర్ల గదికి ఇవ్వండి. సామాను జాబితా మీద అడ్మిన్ సంతకం తీసుకుని, అలమార తాళం అప్పజెప్పండి.